ఒత్తు జారితే అర్థం మారుతుంది!

సాలూరు అంటే ముందుగా గుర్తొచ్చేది లారీలే. విజయనగరం వైపు నుంచి ఒడిశా వెళ్లే 26వ నంబరు జాతీయ రహదారి ఈ ఊరి మీదుగానే సాగిపోతుంది. 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలో చేరిన ఈ పట్టణంలో లారీలకు బాడీ కట్టడం, రంగులు వేయడం ఎందరికో బతుకుతెరువు.

లారీ అద్దం మీద 'పైడితల్లి అమ్మ దీవెనలు' అని ఉండాలి. ఒకప్పుడు పెయింటరు కుంచెతో రాసేవాడు. ఇప్పుడు అలాంటి పని చాలావరకు స్టిక్కర్ కటింగ్ మిషన్‌దే. కోరల్‌డ్రాలోనో, ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్‌లోనో అక్షరాలు దిద్ది పంపిస్తే చాలు. మిషన్‌లోని చిన్న కత్తి అక్షరం అంచు వెంటే నడుస్తూ రంగు వినైల్‌ని కోస్తుంది. కానీ తెలుగుతో ఓ చిక్కుంది. మన అక్షరం ఒక్క ముక్క కాదు! తలకట్టు, గుడి, ఒత్తు... అన్నీ కలిస్తేనే అక్షరం. వాటిని గీతలుగా మార్చాక ఒక్కటి పక్కకు జరిగినా ప్రమాదమే. ఒత్తులు జారిపోతే 'తల్లి' 'తలి' అవుతుంది, 'అమ్మ' 'అమ' అవుతుంది.

తాడుతో కట్టినట్టు...

అందుకే ముక్కలన్నిటినీ ఎంపిక చేసి కంట్రోల్, జి మీటలు కలిపి నొక్కుతారు. దీన్నే గ్రూప్ చేయడం అంటారు. లారీలో బస్తాల్ని తాడుతో బిగించినట్టన్నమాట. ఎటు జరిపినా, ఎంత పెంచినా అన్నీ కలిసే కదులుతాయి. ఒక్క ఒత్తునే సరిచేయాలంటే కట్టు విప్పక్కర్లేదు. కంట్రోల్ నొక్కిపట్టి దానిమీద క్లిక్ చేస్తే అదొక్కటే చేతికొస్తుంది.

కట్టు వేరు... అతుకు వేరు!

కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. చాలా ఫాంట్లలో గుడి, తలకట్టు అక్షరం మీదకు కాస్త ఎక్కి ఉంటాయి. వాటిని గ్రూప్ చేసి వదిలేస్తే తెరమీద ఒక్కటిగానే కనిపిస్తాయి. కత్తి మాత్రం ఒక్కో ముక్క అంచునూ విడిగా కోస్తుంది. అక్షరం మధ్యలో గాటు పడుతుంది, వినైల్ వృథా! అలా కాకుండా ఉండాలంటే 'వెల్డ్' చేయాలి. ఇంక్‌స్కేప్‌లో దాని పేరు 'యూనియన్'. లారీ షెడ్లలో చేసే వెల్డింగ్ లాంటిదే ఇదీ. ఒకసారి అతికి ఫైలు మూసేశాక మళ్లీ పాత ముక్కలు దొరకవు. అందుకే ముందే ఒక నకలు దాచుకోవాలి.

రంగుకో పొర

ఎర్రటి అంచుతో పసుపు అక్షరాలు కావాలంటే రెండు రంగుల వినైల్ విడివిడిగా కోయాలి. అందుకు ఎరుపుకో లేయర్, పసుపుకో లేయర్ పెట్టుకుంటే తేలిక. ఒకటి కోసేటప్పుడు రెండోదాన్ని కంటి గుర్తు నొక్కి కనబడకుండా చేయొచ్చు. కొలత కోసం పెట్టుకున్న లారీ ఫొటోని అన్నిటికన్నా కింది లేయర్‌లో ఉంచి తాళం గుర్తు నొక్కితే పొరపాటున కూడా కదలదు. దాచిన నకలుకీ ఓ లేయర్ కేటాయించొచ్చు.

ఇదేమీ పెయింటర్లకు కొత్త విద్య కాదు. ముందు ప్రైమర్, ఆపైన రంగు, ఆ తర్వాతే అక్షరం... వాళ్లు ఎప్పటినుంచో పొరలుగానే పనిచేస్తున్నారు. ఒత్తు ఎక్కడ కూర్చోవాలో, అక్షరాల మధ్య ఎంత ఎడం ఉండాలో కంప్యూటర్‌కన్నా వాళ్ల కంటికే బాగా తెలుసు. కుంచె పట్టిన చెయ్యి మౌస్ కూడా పట్టుకుంటే, స్టిక్కర్ మీద తెలుగు అక్షరం నిండుగా నిలుస్తుంది.