పేరులో ఒదిగిన మోతీ

మీ ఇంట్లో కుక్కపిల్లో, పిల్లికూనో ఉందా? అయితే ఈ పటం దాని కోసం. ఉండి, పోయిందా? అయితే మీ కోసం.

మా మోతీ పోయినేడు వానల్లో పోయింది. పదకొండేళ్లు మా గుమ్మం కాచిన కుక్క. "అమ్మా, మోతీ ఫొటో పెద్దది చేయించవే" అన్నాడు మా చిన్నవాడు. వెతికితే ఒక్కటీ సరైనది లేదు! పుట్టినరోజు ఫొటోలో బల్ల కింద రెండు కళ్లు, గృహప్రవేశం ఫొటోలో ఓ మూల తోక. ఫోన్‌లో ఉన్నవన్నీ కదిలిపోయినవే. అప్పుడనిపించింది, బొమ్మ లేకపోతేనేం, పేరునే బొమ్మగా రాద్దామని.

అక్షరాల్లో జంతువుల్ని ఇమిడ్చడం కొత్తేమీ కాదు. ఐర్లండువారు భద్రంగా దాచుకున్న 'బుక్ ఆఫ్ కెల్స్' అనే సువార్తల గ్రంథం క్రీ.శ. 800 ప్రాంతానిది. ఇప్పుడు డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో ఉంది. అందులో ఓ పుటలో పేద్ద అక్షరం పాదం దగ్గర పిల్లులూ, ఎలుకలూ కూర్చుని ఉంటాయి. పచ్చగా కనబడేది బంగారమనుకునేరు, కాదు. హరిదళం అనే ఖనిజపు రంగు. కనుక అసలు బంగారం కొనలేకపోయామని మనమూ చిన్నబుచ్చుకోనక్కర్లేదు. తంజావూరు పటాలకు వాడేది అసలు బంగారు రేకు. మనకు బొమ్మల సామాన్ల షాపుల్లో దొరికే ఇత్తడి రేకు చాలు.

ఇక మన తెలుగక్షరాలున్నాయి చూశారూ, ఈ పనికే పుట్టాయి! 'మోతీ'లో గుడిదీర్ఘం కొసను కాస్త సాగదీస్తే చుట్టుకున్న తోక. మీ ఆవు పేరు 'గంగ' అనుకోండి, రెండు తలకట్లూ కొమ్ములు, నడుమ సున్నా మెడలో గంట. ముందు పెన్సిలుతో చిత్తుకాగితం మీద పది రకాలుగా రాసి చూడండి. తొందరపడితే ఇక్కడే చెడుతుంది.

నచ్చినదాన్ని మందపాటి డ్రాయింగ్ షీటు మీదకు ఎత్తుకోండి. కాగితానికి టాల్కం పౌడరు పలచగా రాసి దులిపేయండి. లేకపోతే రేకు అక్కర్లేని చోటా అంటుకుంటుంది. ఫెవికాల్‌లో సగానికి సగం నీళ్లు, ఒక్క చుక్క పసుపు రంగు కలిపి, మెరవాల్సిన చోట సన్నని కుంచెతో పూయండి. తడి పోయి, వేలికి జిగటగా తగిలినప్పుడు రేకు పరవాలి. మరీ ఆరిపోతే నోటితో వేడి ఊపిరి ఊదండి, జిగట తిరిగొస్తుంది. పైన బటర్ పేపరు వేసి బొటనవేలితో అదమండి. మెత్తని కుంచెతో మిగిలిన రేకు దులిపి, ఆ ముక్కల్ని అగ్గిపెట్టెలో దాచండి, చిల్లులు పడ్డచోట అతకడానికి పనికొస్తాయి. సిరా, రంగులు ఆ తర్వాతే.

ఫ్యాను మాత్రం ఆపండి తల్లీ! నేను మరిచిపోయాను. మొదటి రేకు ఎగిరి వెళ్లి పోపులడబ్బాలో పడింది.

బంగారం అంతటా పూసేస్తే పెళ్లిపత్రికలా ఉంటుంది. ఒక్కచోట చాలు. మా ఇంట్లో అదెక్కడో మావాడే చూపించాడు. పెరటి గట్టుకు సిమెంటు చేయించిన రోజున పచ్చి సిమెంటు మీద మోతీ నడిచేసింది. ఆ రోజు దాన్ని కర్ర పట్టుకుని తరిమాను కూడా. ఆ అడుగుల మీద పలచని కాగితం పరిచి పెన్సిలుతో రుద్దితే నాలుగు వేళ్లూ, అరికాలూ తేలాయి. పేరు నల్లసిరాతో రాసి, కింద ఆ అడుగులకు మాత్రమే రేకు అద్దాం.

ఇత్తడి రేకు గాలికి నల్లబడుతుంది. రంగులేని వార్నిష్ ఒక పూత వేసి, ఆరాక అద్దం కట్టించండి. వంటింటి గోడకు వద్దు, పొగా, జిడ్డూ పట్టేస్తాయి.

మా పటాన్ని నేను హాల్లో కళ్లెత్తున కొట్టించబోయాను. మావాడు ఒప్పుకోలేదు. మోకాలెత్తున కొట్టమన్నాడు. మోతీ కూర్చుంటే దాని తల అక్కడికే వచ్చేదట.