మేల్కొన్న నౌక

యుద్ధం ముగియగానే సైనికులు స్వగృహాలకు మరలుతారు. మరి ఆ సైనికులకు ఆహారాన్ని, ఆయుధాలను, ఔషధాలను మోసుకొనిపోయిన నౌకల గతి ఏమవుతుంది? సాధారణంగా వాటిని విక్రయిస్తారు, లేదా ముక్కలు చేసి ఇనుముగా కరిగిస్తారు. కొన్నింటిని మాత్రం మరల అవసరం కలుగవచ్చుననే ముందుచూపుతో భద్రపరుస్తారు. అట్లు భద్రపరచబడి, ముప్పదిమూడు సంవత్సరాల నిద్ర తరువాత మేల్కొన్న ఒక సరకుల నౌక చరిత్ర ఇది. ఆ నౌక పేరు ‘జెరిమయా ఓబ్రియన్’.

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో జర్మనీ జలాంతర్గాములు అట్లాంటిక్ మహాసముద్రంలో మిత్రరాజ్యాల సరకుల నౌకలను వందలకొలదిగా ముంచివేశాయి. మునిగినవాటికంటె ఎక్కువ నౌకలను నిర్మించడమే ఈ ఆపదకు విరుగుడని అమెరికా భావించింది. ఒకే నమూనాతో, విడి భాగాలను వేరువేరు చోట్ల తయారుచేసి, వెల్డింగుతో అతికించే పద్ధతిని చేపట్టింది. ఈ విధంగా 1941-45 సంవత్సరాల మధ్య 2,710 ‘లిబర్టీ’ నౌకలు నిర్మింపబడ్డాయి. వాటిలో ‘రాబర్ట్ ఇ. పియరీ’ అనే నౌక పని మొదలైన ఐదు రోజులు నిండకమునుపే నీటిలోకి దిగింది. ఈ నౌకలకు అందం లేదు, వేగమూ తక్కువే. గంటకు ఇరువది కిలోమీటర్లకు మించి పోజాలవు. అయినను ఒక్కొక్కటి సుమారు పదివేల టన్నుల బరువును మోయగలదు. అంతకుమించి ఆనాడు వాటినుండి కోరినది లేదు.

జెరిమయా ఓబ్రియన్ నౌక 1943 జూన్ 19న మెయిన్ రాష్ట్రంలోని సౌత్ పోర్ట్‌లాండ్‌లో జలప్రవేశం చేసింది. దీని పొడవు 441 అడుగులు. అమెరికా స్వాతంత్ర్య సమరంలో 1775లో బ్రిటిష్ వారి నౌకను పట్టుకొన్న ఒక వీరుని పేరును దీనికి పెట్టారు. 1944 జూన్ 6న మిత్రరాజ్యాల సేనలు ఫ్రాన్సులోని నార్మండీ తీరంపై దిగాయి. ఆ దినం మొదలుకొని కొనసాగిన దాడిలో ఈ నౌక ఇంగ్లండుకు, నార్మండీకి మధ్య పదకొండు పర్యాయాలు తిరిగి సైనికులను, సామగ్రిని చేరవేసింది. పిమ్మట పసిఫిక్, హిందూ మహాసముద్రాలలో సంచరించి మన దేశపు రేవునకు కూడ వచ్చింది.

1946లో అమెరికా ప్రభుత్వం చట్టం ద్వారా ‘జాతీయ రక్షణ రిజర్వు నౌకాదళాన్ని’ ఏర్పరచింది. 1950 నాటికి అందులోని నౌకల సంఖ్య 2,277కు చేరింది. మనం పట్టుబట్టలను పెట్టెలో పెట్టి, పురుగు పట్టకుండ కలరా ఉండలు వేస్తాము కదా! ఇదీ అటువంటిదే. అందువలననే అక్కడి ప్రజలు దీనిని ‘మాత్‌బాల్’ దళమని వ్యవహరించారు. మాత్‌బాల్ అనగా కలరా ఉండయే. యంత్రభాగాలకు తుప్పు పట్టకుండ నూనెలు పూసి, నౌకలను వరుసలుగా లంగరు వేసి నిలిపేవారు. ఈ ముందుచూపు వృథా కాలేదు. కొరియా యుద్ధకాలంలో ఈ దళంనుండి 540 నౌకలను తిరిగి సేవలోకి తీసుకొన్నారు. కొన్ని సంవత్సరాలపాటు వందలాది నౌకలను ధాన్యపు గిడ్డంగులుగా కూడ వాడుకొన్నారు.

జెరిమయా ఓబ్రియన్ 1946లో కాలిఫోర్నియాలోని సూసన్ అఖాతం చేరింది. ఏండ్లు గడచినకొలది చుట్టుపక్కల నిలిచిన లిబర్టీ నౌకలు ఒక్కొక్కటిగా ఇనుముకోసం తరలిపోయాయి. వాటిని పరిశీలించే బాధ్యత గల అధికారులలో థామస్ ప్యాటర్సన్ ఒకరు. ఈ నౌక ఏ మార్పునకు లోనుగాక, యుద్ధకాలంలో ఉన్నట్లే ఉన్నదని ఆయన గమనించారు. విరిచివేయవలసిన నౌకల జాబితాలో దీని పేరును అట్టడుగునకు చేర్చారు. 1978లో ఈ నౌకను కాపాడుటకు ఒక సంస్థ ఏర్పడింది. పాత నావికులు, ఇంజనీర్లు స్వచ్ఛందంగా వచ్చి, గడ్డకట్టిన గ్రీజును తొలగించి, బాయిలర్లను రగిల్చారు. 1979 అక్టోబరు 6న ఆ నౌక, మరొక నౌక లాగనవసరం లేకుండ, తన ఆవిరి బలంతోనే అఖాతంనుండి వెలుపలికి వచ్చింది.

1994లో నార్మండీ దాడికి ఏబది సంవత్సరాలు నిండాయి. ఆ సందర్భంగా ఈ నౌక శాన్‌ఫ్రాన్సిస్కోనుండి బయలుదేరి, పనామా కాలువ దాటి, ఫ్రాన్సు తీరం చేరింది. నడిపినవారిలో అధికులు వృద్ధ నావికులే. నాటి దాడిలో పాల్గొన్న వేలాది నౌకలలో, పెద్దవాటిలో తిరిగి వచ్చినది ఇదొక్కటే. యుద్ధకాలంలో సరకుల నౌకలను నడిపిన నావికులు సైనికులు కారు. వేలాదిమంది ప్రాణాలు కోల్పోయినను, మిగిలినవారికి 1988 వరకు మాజీ సైనికుల హోదా లభించలేదు. కనుక ఆ యాత్ర ఒక నౌకకు జరిగిన సన్మానం మాత్రమే కాదు. చాలకాలం గుర్తింపునకు నోచుకోని శ్రామికులకు జరిగిన సన్మానం కూడ.

అయితే దాచిన ప్రతి వస్తువు మేలే చేస్తుందని తలచరాదు. సూసన్ అఖాతంలో ఉపయోగం లేక మిగిలిన నౌకలనుండి విషపూరితమైన రంగు పెచ్చులుగా రాలి నీటిని కలుషితం చేసింది. పర్యావరణవాదులు న్యాయస్థానాన్ని ఆశ్రయించగా, 57 పాత నౌకలను 2017 నాటికి అక్కడినుండి తొలగించారు. దాచుట ఎంత అవసరమో, దాచినదానిని కనిపెట్టి ఉండుటయు అంతే అవసరమని ఈ అనుభవం తెలుపుతున్నది.

2020 మే 23న ఈ నౌక నిలిచిన శాన్‌ఫ్రాన్సిస్కో రేవులో అగ్నిప్రమాదం సంభవించింది. ప్రక్కనున్న గిడ్డంగి దగ్ధమైనను, అగ్నిమాపక సిబ్బంది నీరు చిమ్మి నౌకను కాపాడారు. 2,710 లిబర్టీ నౌకలలో నడువగల స్థితిలో అమెరికాలో కాపాడబడినవి రెండు మాత్రమే. వాటిలో ఇది ఒకటి. ఇనుముగా లెక్కిస్తే దీని వెల స్వల్పం. కాని తూకానికి లొంగని విలువ ఒకటి ఉన్నదని గ్రహించి, ఒక పేరును జాబితా చివరకు జరిపిన మనిషి వివేకమే దీనిని నేటికి నిలిపింది.