పసుపు మంచిదే.. మరి నానో పసుపు మాత్ర?

యూకేలోని మన తెలుగు ఇళ్లలో పోపుల పెట్టెతో పాటు ఇప్పుడు పసుపు క్యాప్సూల్స్ డబ్బా కూడా కనిపిస్తోంది. దానిమీద ‘నానో కర్క్యుమిన్’ అనో, ‘లైపోసోమల్’ అనో రాసి ఉంటుంది. కూరలో వేసే పసుపుకీ, దీనికీ తేడా ఏమిటి?

మందుగుణం ఉందని శాస్త్రవేత్తలు పరిశీలిస్తున్న కర్క్యుమిన్ పసుపులో సుమారు 3 శాతమే ఉంటుంది. అది నీటిలో కరగదు. కాస్త ఒంట్లోకి చేరినా కాలేయం త్వరగా మార్చి బయటకు పంపేస్తుంది. లెస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పెద్దపేగు క్యాన్సర్ రోగులకు రోజుకు 3.6 గ్రాముల దాకా కర్క్యుమిన్ ఇచ్చి చూశారు. 2004లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, అంత ఇచ్చినా రక్తంలో కనిపించింది లేశమాత్రమే.

ఈ చిక్కు తీర్చడానికే నానో పద్ధతి. నానోమీటర్ అంటే మీటరులో వంద కోట్లవ వంతు. అంత సూక్ష్మమైన కొలతల్లో కొవ్వు బుడగలు తయారుచేసి, వాటిలో కర్క్యుమిన్‌ను ఇముడుస్తారు. అప్పుడు అది పేగులో సులభంగా కలిసిపోయి, రక్తంలోకి ఎక్కువగా చేరుతుంది. మిరియాల్లోని పైపరిన్ కలిపినా ఇలాంటి ఫలితమే వస్తుందని 1998లోనే బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు చూపించారు.

అయితే ఎక్కువగా ఒంటికి పడితే మేలే జరగాలని లేదు. ‘అమ్మమ్మల కాలం నుంచీ వాడుతున్నదే కదా’ అన్న ధీమా వంటింటి పసుపుకే వర్తిస్తుంది, నానో మాత్రకు కాదు. 2019లో ఇటలీలో పసుపు సప్లిమెంట్లు వాడిన కొందరికి కాలేయ వాపు వచ్చింది. దాంతో అక్కడి ప్రభుత్వం డబ్బాలపై హెచ్చరిక ఉండాలని నిర్ణయించింది.

యూకేలో ఇలాంటివి ఎక్కువగా ఆహార సప్లిమెంట్లుగానే అమ్ముడవుతున్నాయి. అంటే అమ్మకానికి ముందు మందుల్లాగా వాటికి పరీక్షలు జరగవు. మూలికా మందుల డబ్బాపై ‘టీహెచ్ఆర్’ గుర్తు ఉంటే, నాణ్యత, భద్రతలను మందుల నియంత్రణ సంస్థ ఎంహెచ్ఆర్ఏ పరిశీలించిందని అర్థం. జబ్బు తగ్గిస్తుందని ప్రయోగాల్లో రుజువైందని మాత్రం కాదు.

కాబట్టి వార్ఫరిన్ లాంటి మందులు వాడేవారు, కాలేయం, పిత్తాశయ సమస్యలున్నవారు ముందుగా జీపీని గానీ ఫార్మసిస్టును గానీ అడగండి. ఆపరేషన్ ఉంటే ఈ మాత్రల సంగతి తప్పక చెప్పండి. ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నల సంచిలోని మూలికా మాత్రలకూ ఇదే జాగ్రత్త. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా వెంటనే మాత్రలు ఆపి డాక్టరును కలవండి. ‘యెల్లో కార్డ్’ విధానంలో ఆ విషయాన్ని మీరే ఎంహెచ్ఆర్ఏకు తెలియజేయవచ్చు.