గాలి కాలుష్యం – పేగులలోని బాక్టీరియా – ఆవజాతి పంటల రక్షణ

వరి కోతల తరువాత గడ్డిని తగులబెట్టడం వల్ల వెలువడే పొగ, కట్టెల పొయ్యి పొగ, వాహనాల పొగ ఊపిరితిత్తులకు హాని చేస్తాయన్నది అందరికీ తెలిసిన విషయమే. ఈ హాని పేగులకు, అక్కడ నివసించే మేలుచేసే బాక్టీరియాకు కూడా చేరుతుందని పరిశోధనలు తెలుపుతున్నాయి. ఈ విషయంలో మనం పండించే ఆవజాతి కూరగాయలు ఏ మేరకు రక్షణనిస్తాయో పరిశీలిద్దాం.

పొగ పేగులకు చేరే మార్గం

పీల్చిన గాలిలోని పెద్ద ధూళికణాలు శ్వాసనాళాల జిగురు పొరలో చిక్కుకుంటాయి. అక్కడి సూక్ష్మకేశాలు ఆ జిగురును గొంతు వైపు నెట్టగా మనకు తెలియకుండానే మింగుతాము. ఆహారంపై పడిన ధూళి నేరుగా కడుపులోనికి పోతుంది. ధూళికణాలను నోటి ద్వారా ఇచ్చిన చిట్టెలుకలలో పేగు బాక్టీరియా కూర్పు మారింది. పేగు గోడ పటుత్వం తగ్గి, వాపు లక్షణాలు కనిపించాయి.

పేగు గోడకు కాపలా

క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి, ఆవాలలో గంధకంతో కూడిన గ్లూకోసినోలేట్లు ఉంటాయి. వీటిలో కొన్నింటి నుండి ఇండోల్-3-కార్బినాల్ ఏర్పడుతుంది. ఇది పేగులలో ఆరిల్ హైడ్రోకార్బన్ గ్రాహకాన్ని ప్రేరేపిస్తుంది. కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్తలు 2011లో ప్రచురించిన అధ్యయనంలో, ఇటువంటి వృక్ష పదార్థాలు లేని మేత తిన్న చిట్టెలుకలలో పేగు గోడను కాపాడే లింఫోసైట్లు తగ్గిపోయాయి. మేతలో ఈ పదార్థాన్ని చేర్చగా అవి తిరిగి నిలదొక్కుకున్నాయి. ఈ కాపలా ఉంటేనే బాక్టీరియా తమ హద్దులో ఉంటాయి. పొగలోని కొన్ని విషపదార్థాలు కూడా ఇదే గ్రాహకాన్ని అంటిపెట్టుకుంటాయి.

చైనాలోని చీదోంగ్ ప్రాంతంలో 291 మందితో 12 వారాలు జరిపిన అధ్యయన ఫలితాలు 2014లో వెలువడ్డాయి. బ్రకోలీ మొలకల పానీయం తాగినవారి మూత్రంలో, గాలి నుండి శరీరంలో చేరిన బెంజీన్ తాలూకు వ్యర్థాల విసర్జన 61 శాతం, ఆక్రోలీన్ వ్యర్థాల విసర్జన 23 శాతం పెరిగింది.

వంటలో మెలకువ

గ్లూకోసినోలేట్లు చురుకైన పదార్థాలుగా మారడానికి మైరోసినేజ్ అనే ఎంజైమ్ అవసరం. కూరగాయను తరిగినప్పుడు, నమిలినప్పుడు ఇది పనిచేస్తుంది. ఎక్కువగా ఉడికిస్తే నశిస్తుంది. అప్పుడు ఆ పనిని కొంతవరకు పేగు బాక్టీరియాయే నిర్వహిస్తాయి. అంటే మొక్క బాక్టీరియాకు, బాక్టీరియా మొక్కకు తోడ్పడుతున్నాయన్నమాట.

ఉడికించిన బ్రకోలీకి ఆవపొడి చేర్చి తిన్నవారిలో సల్ఫోరాఫేన్ లభ్యత నాలుగు రెట్లకు పైగా పెరిగినట్లు 2018లో ఒక అధ్యయనం తెలిపింది. కూరను దించిన తరువాత పచ్చి ఆవాలు నూరి కలిపే మన ‘ఆవ పెట్టిన కూర’ ఈ సూత్రానికి చక్కగా సరిపోతుంది. పోపులో వేగిన ఆవాలకు ఈ గుణం ఉండదు. కనుక క్యాబేజీని తరిగి కొద్దిసేపు ఉంచి, తక్కువ నీటితో మగ్గించి, చివరగా ఆవ కలపడం మేలు. దీనితోపాటు రాగి, జొన్న, పప్పుధాన్యాలలోని పీచును పులియబెట్టి బాక్టీరియా తయారుచేసే బ్యూటిరేట్, పెద్దపేగు కణాలకు ముఖ్యమైన ఇంధనం.

రైతులు గమనించవలసినవి

• గంధకం లోపించిన నేలల్లో గ్లూకోసినోలేట్లు తగ్గుతాయి. భూసార పరీక్షను బట్టి జిప్సం వేయాలి.
• ప్రతి 25 వరుసల క్యాబేజీకి 2 వరుసల ఆవాలను ఎర పంటగా వేస్తే డైమండు రెక్కల పురుగు ఆవాలపైకి ఆకర్షింపబడుతుంది. పురుగుమందుల వాడకం తగ్గుతుంది.
• మందు చల్లిన తరువాత నిర్దేశించిన గడువు ముగిసేవరకు కోయరాదు.
• వరిగడ్డిని కాల్చక, పశువుల మేతకు, కంపోస్టుకు వాడాలి లేదా నేలలో కలియదున్నాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో 2.5 మైక్రాన్ల ధూళికి వార్షిక సగటు పరిమితిని ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములుగా సూచించింది. మన దేశ ప్రమాణం 40 మైక్రోగ్రాములు. ఈ అంతరాన్ని ఆహారం ఒక్కటే పూడ్చలేదు. ఆవజాతి కూరలు శరీరానికి అండగా నిలుస్తాయే గాని, స్వచ్ఛమైన గాలికి ప్రత్యామ్నాయం కావు. పొలంలో నిప్పు పెట్టకపోవడమే తొలి రక్షణ. పళ్లెంలోని కూర దాని తరువాతిది.