ఉపచట్రానికి ఉక్కు పట్టీ

ఐర్లండ్‌కు వచ్చిన కొత్తలో మనలో చాలామంది వాడిన కారే కొంటాము. రంగు, సీట్లు, ఇంజను చూస్తాము. వెనుక ఉపచట్రాన్ని చూడము. వెనుక చక్రాల సస్పెన్షన్ చేతులను, డిఫరెన్షియల్‌ను మోసే ఉక్కు చట్రమే సబ్‌ఫ్రేమ్, అనగా ఉపచట్రం.

1997–2006 మధ్య తయారైన బి.ఎం.డబ్ల్యు. ఇ-46 శ్రేణి ఇందుకు ప్రసిద్ధోదాహరణ. ఇందులో ఉపచట్రం రబ్బరు బుష్‌ల ద్వారా నాలుగు చోట్ల అడుగురేకుకు బిగించబడి ఉంటుంది. వేగం పెంచినప్పుడు ఒకవైపు, తగ్గించినప్పుడు మరొకవైపు ఆ రేకుపై బలం పడుతుంది. తీగను పదేపదే అటూ ఇటూ వంచితే తెగినట్లే, బోల్టుల చుట్టూ ఉన్న పలుచని రేకు కాలక్రమాన బీటలు వారుతుంది. దీనినే లోహశ్రాంతి అంటారు.

సస్పెన్షన్ విప్పి బుష్‌లు మార్చేటప్పుడు ఉపచట్రం ఎలాగూ కిందికి దిగుతుంది గనుక, బలపరచడానికి అదే అదను. బీట ముందుకు పాకకుండా దాని కొసన చిన్న రంధ్రం చేసి, బీటను వెల్డింగు చేసి, బోల్టు చుట్టూ ఉక్కు పట్టీ అతుకుతారు. అప్పుడు బలం విశాలమైన రేకుపై పంపిణీ అవుతుంది.

ఇంతవరకు మెకానిక్ విద్య, ఇకపై రసాయనశాస్త్రం. 1810లో డబ్లిన్‌లో జన్మించిన రాబర్ట్ మాలెట్, ఇనుముపై గాలి, నీటి ప్రభావాన్ని పరిశోధించి 1838, 1840లలో బ్రిటిష్ అసోసియేషన్‌కు నివేదికలు సమర్పించాడు. తుప్పు ఒక విద్యుద్రసాయన చర్య. ఇనుము ఎలక్ట్రాన్లను కోల్పోయి కరుగుతుంది. వాటిని మరొకచోట ఆక్సిజన్, నీరు గ్రహిస్తాయి. చలికాలంలో రోడ్లపై చల్లే ఉప్పు నీటిలో కరిగి, విద్యుత్తుకు మార్గమై ఈ చర్యను వేగిరపరుస్తుంది.

పట్టీకీ రేకుకూ నడుమ వెంట్రుకవాసి సందు మిగిలినా చాలు. అందులో చేరిన ఉప్పునీటిలో ఆక్సిజన్ త్వరగా హరించుకుపోతుంది. వెలుపల పుష్కలంగా ఉంటుంది. ఈ తేడా వల్ల లోపలి లోహం ఆనోడ్‌గా మారి కరుగుతుంది. క్లోరైడ్ అయాన్లు చొరబడి, ద్రావణం ఆమ్లమవుతుంది. పుట్టిన తుప్పు ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమించి పట్టీని తోసివేస్తుంది. పైన పటారం, లోన లొటారం!

కనుక తుప్పుపై పట్టీ వేయరాదు. మెరిసే లోహం కనబడేవరకు గీకాలి. చివికిన రేకును కోసి కొత్తది వేయాలి. వెల్డింగుకు ముందు అతుకు తలాలకు జింకు ప్రైమరు పూయాలి. ఇనుముకు ముందు జింకే ఎలక్ట్రాన్లను అర్పిస్తుంది. అనంతరం అంచులకు సీలరు, బోలు భాగాలలో మైనం అవసరం. జింకు పొగ జ్వరం కలిగిస్తుంది, పెట్రోలు టాంకు చేరువలోనే ఉంటుంది. ఇది అనుభవజ్ఞుడైన వెల్డరు చేయవలసిన పని.

2000 జనవరిలో ఆరంభమైన జాతీయ కారు పరీక్ష, ఎన్.సి.టి.లో అడుగుభాగాన్ని చూస్తారు గాని, భాగాలు విప్పి చూడరు. అందుచేత పాత కారు కొనేముందు డిక్కీలోని కార్పెట్ ఎత్తి చూడండి, కారును పైకెత్తించి చూపించుకోండి. పట్టీ కనబడితే, దానిని అతకకముందు తీసిన ఫోటోలు అడగండి. మన బిడ్డలు కూర్చునే సీటు ఆ రేకుకు చేరువనే ఉన్నది.