హాంకాంగున ఆదివారము

హాంకాంగున నూతనముగా కాపురము పెట్టినవానికి, ఇచ్చటి జనులు మర్యాద నెఱుగరని తోచుట సహజము. ఎవ్వరును ఆగరు, పలుకరింపరు. అందలి కట్టుబాటు తరువాత తెలియును. కొండవాలున 1993లో వెలసిన కదలుమెట్లు ఉదయము 10 గంటలవఱకు క్రిందికిని, పిదప పైకిని నడచును. నిలుచువారు కుడిప్రక్క నొదిగి, త్వరపడువారికి దారి విడుతురు.

కొఱత చోటునకే. ఉన్న నేలలో నాలుగవపాలుననే సుమారు 75 లక్షలమంది కిక్కిరిసియున్నారు. ఆదివారమునాడు సెంట్రల్ పేటను చూడవలయును. ఇంటిపనికై వచ్చిన ఫిలిప్పీను స్త్రీలు యజమాని యింటనే నివసింపవలెనని 2003 నుండి నిబంధన. సెలవునాడు వారికి గది యేది? బ్యాంకు మేడలక్రింద అట్టలు పఱచుకొని భుజింతురు, పాడుదురు, స్వదేశమున కంపు మూటలు కట్టుదురు. పట్టణపు తల్లులు కొలువులకు పోగలుగుట వీరి చేతిచలువయే. వారమున కొకదినము వీరికి నీడ కల్పించుట ఇంత ధనికపురమునకు భారమా? చీకటిపడువేళకు అట్టలు మడచుకొని, మరల యజమానుల యిండ్లకు పోవుదురు.