నాలుగు గోడల నడుమ స్థాననిర్ణయం – రేడియో తరంగాల పాత్ర

తాను ఎక్కడ ఉన్నాడో తెలిసికొనవలెనన్న కోరిక మానవునికి అనాదిగా ఉన్నది. నావికులు ధ్రువనక్షత్రాన్ని చూచి దారి గుర్తించినారు. క్రీ.శ. 1025 ప్రాంతంలో గజనీ నగరంలో అల్ బిరూనీ, భూమిపై స్థలాల ఉనికిని గణితంతో నిర్ణయించే పద్ధతులపై ఒక గ్రంథాన్నే రచించినాడు. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసు సమీపాన ఒక ఆధారరేఖను కొలిచి, త్రిభుజాల గొలుసుతో దేశాన్ని సర్వే చేసే మహాకార్యానికి పూనుకొన్నాడు. ఈ ప్రయత్నాలలో చాలవాటికి మూలసూత్రం ఒక్కటే: తెలిసిన స్థానాల నుండి దూరాన్నో, కోణాన్నో కొలిచినచో తెలియని స్థానం లెక్కకు లొంగుతుంది.

ఈనాడు ఆ తెలిసిన స్థానాలు ఆకాశానికి ఎక్కినవి. పూర్వం మన నెల్లూరు జిల్లాలో ఉండి, 2022లో తిరుపతి జిల్లాలో చేరిన శ్రీహరికోట నుండి మన దేశపు మొదటి దిశానిర్దేశ ఉపగ్రహం 2013 జూలై 1న బయలుదేరింది. 2016 ఏప్రిల్ 28న ఏడవ ఉపగ్రహాన్ని ప్రయోగించిన సందర్భంలో ఆ వ్యవస్థకు 'నావిక్' అని నామకరణం జరిగింది. అమెరికా వారి జి.పి.యస్. అంతకు ముందు నుండియే ప్రపంచమంతట వాడుకలో ఉన్నది. పెన్నపై 2022లో ప్రారంభమైన సంగం బ్యారేజి మీద నిలిచి చేతి ఫోనును చూచినచో, మనమున్న చోటును కొద్ది మీటర్ల తేడాతో అది చూపగలదు. అయితే అదే మనిషి నెల్లూరులో ఒక పెద్ద ఆసుపత్రి మూడవ అంతస్తులోని గదిలోనికి పోయినచో, ఆ ఫోను అతనిని ఒకసారి ఎదుటి వీధిలో, ఒకసారి పక్క భవనంలో చూపుతుంది. ఏ అంతస్తు అన్న ప్రశ్నకు ఉపగ్రహ సంకేతాల వద్ద సరియైన సమాధానం దొరకదు.

ఉపగ్రహం ఇంటిలోనికి ఎందుకు రాదు?

జి.పి.యస్. ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుచున్నవి. అంత దూరం ప్రయాణించి భూమిని చేరే సంకేతపు శక్తి, ఒక వాటులో కోటి కోటవ వంతును మరల నూరు భాగాలు చేయగా వచ్చినంత మాత్రమే. ఆరుబయట దానిని పట్టుకొనుటయే గొప్ప. ఇక ఇనుప చువ్వలతో పోసిన సిమెంటు కప్పు, ఇటుక గోడలు అడ్డు వచ్చినచో అది మరింత క్షీణిస్తుంది.

రెండవ చిక్కు ప్రతిఫలనం. రేడియో తరంగం సెకనుకు 3 లక్షల కిలోమీటర్ల వేగంతో పోతుంది. అనగా సెకనులో నూరుకోట్లవ వంతు కాలంలో, అంటే ఒక నానోసెకనులో, 30 సెంటీమీటర్లు సాగుతుంది. నేరుగా రావలసిన తరంగం ఎదుటి గోడను తాకి 10 నానోసెకనులు ఆలస్యంగా వచ్చినచో, దూరపు లెక్కలో 3 మీటర్ల పొరపాటు వస్తుంది. ఆరుబయట 3 మీటర్లు చిన్న దూరమే. భవనంలో అది ఒక గదికి, పక్క గదికి ఉన్న తేడా. కావున భవనం లోపలనే ఉన్న రేడియో పరికరాలను ఆధారం చేసుకొనుట అవసరమైనది.

తీవ్రత ముద్రల పద్ధతి

వైఫై పరికరం నుండి దూరం పోయిన కొలది సంకేతం బలహీనమవుతుంది. అడ్డులేని చోట దూరం రెట్టింపైనచో శక్తి నాలుగవ వంతుకు తగ్గును. కాని గోడలు, బీరువాలు, మనుష్యులు ఉన్న చోట ఈ సూత్రం నిలువదు. అందుచేత శాస్త్రజ్ఞులు ఒక ఉపాయం ఆలోచించినారు. సంగం గ్రామాన్ని బాగుగా ఎరిగిన వానికి కండ్లకు గంతలు కట్టి ఎక్కడో నిలిపినామనుకొందము. సంగమేశ్వరాలయపు గంట, మసీదు అజాన్, బస్టాండు హారన్లు, వీటిలో ఏది ఎంత బిగ్గరగా వినబడుతున్నదో గమనించి తానున్న వీధిని అతడు చెప్పగలడు. ఏ ఒక్క శబ్దమో కాదు, ఆ మూడింటి పాళ్ళే అతనికి గుర్తు.

మైక్రోసాఫ్ట్ పరిశోధనాసంస్థకు చెందిన పరమ్‌వీర్ బహల్, వెంకట పద్మనాభన్ ఈ భావాన్నే 2000వ సంవత్సరంలో 'రాడార్' అనే పేరుతో ప్రకటించినారు. ఒక అంతస్తులో మూడు రేడియో కేంద్రాలను నెలకొల్పి, అనేక చోట్ల నిలిచి తీవ్రతలను కొలిచి పట్టిక వ్రాసికొన్నారు. తరువాత ఆ పట్టిక సహాయంతో 2, 3 మీటర్ల తేడాతో మనిషి ఉనికిని అంచనా వేయగలిగినారు.

ఒక ఊహా ఉదాహరణ చూడుడు. గ్రంథాలయంలో ద్వారం వద్ద మూడు కేంద్రాల తీవ్రతలు డెసిబెల్ మానంలో −45, −60, −72 అనుకొందము. కిటికీ వద్ద అవి −58, −52, −66. ఇప్పుడొక విద్యార్థి ఫోను −47, −61, −70 చూపుతున్నది. ద్వారపు అంకెలతో తేడాలు 2, 1, 2. వాటి వర్గాల మొత్తం 9, వర్గమూలం 3. కిటికీ అంకెలతో తేడాలు 11, 9, 4. వర్గాల మొత్తం 218, వర్గమూలం దాదాపు 14.8. కావున ఆ విద్యార్థి ద్వారం వద్దనే ఉన్నాడు. పైథాగరస్ సూత్రం తెలిసిన వారెవరైనను ఈ లెక్క చేయగలరు.

అయితే ఈ పద్ధతికి శ్రమ ఎక్కువ. మానవ శరీరంలోని నీరు ఈ తరంగాలను పీల్చుకొంటుంది. ఖాళీ హాలులో వ్రాసిన పట్టిక నిండిన హాలులో తప్పుతుంది. బీరువా జరిపినచో మరల కొలవవలసినదే. ఈ శ్రమను తగ్గించుటకు బెంగుళూరులోని మైక్రోసాఫ్ట్ పరిశోధనాలయం వారు 2012లో 'జీ' అనే పద్ధతిని వెలువరించినారు. అందులో నడిచే మనిషి ఫోనే అడుగులను లెక్కించి, గోడలగుండా ఎవరూ నడువలేరు కనుక సాధ్యంకాని దారులను తొలగించుచు, పట్టికను తనంత తానే నింపుకొంటుంది.

కాలమానం, కోణం, గాలిపీడనం

ఇంతకన్న కచ్చితమైనది కాలాన్ని కొలిచే పద్ధతి. ఒక పరికరం ప్రశ్న పంపగా రెండవది బదులిస్తుంది. రెండవది తీసికొన్న వ్యవధి పోగా ప్రయాణానికి 100 నానోసెకనులు పట్టినచో, పోవుటకు 50, వచ్చుటకు 50. అనగా దూరం 15 మీటర్లు. అతి విస్తృత పౌనఃపున్య పట్టీతో, అతి పొట్టి స్పందనలను పంపే పరికరాలు నేరుగా వచ్చిన తరంగాన్ని ప్రతిఫలించిన దాని నుండి వేరు చేయగలవు. అందువలన అవి అనుకూల పరిస్థితులలో పదుల సెంటీమీటర్ల తేడాతో చెప్పగలుగుచున్నవి. 2019లో వెలువడిన బ్లూటూత్ 5.1 ప్రమాణం సంకేతం వచ్చిన కోణాన్ని గుర్తించే వీలు కల్పించింది. ఇక అంతస్తు తెలిసికొనుటకు గాలిపీడనం తోడ్పడుతుంది. 3 మీటర్లు ఎక్కినచో పీడనం సుమారు 0.36 మిల్లీబారు తగ్గును. కొన్ని ఫోన్లలోని చిన్న బారోమీటరు ఆ స్వల్పభేదాన్ని కనిపెట్టగలదు.

ఇది వినోదం కాదు

దారి తెలియని ఆసుపత్రిలో అంధుడైన రోగికి, పొగ నిండిన భవనంలో అగ్నిమాపక సిబ్బందికి ఈ విద్య ప్రాణావసరం. భూగర్భంలో దాని విలువ మరింత తెలిసివస్తుంది. 2006 జనవరిలో అమెరికాలోని సేగో బొగ్గుగని ప్రమాదంలో 12 మంది మరణించిన పిమ్మట, గనిలో ఎవరు ఎక్కడ ఉన్నారో పైనుండి తెలిసికొనే ఎలక్ట్రానిక్ వ్యవస్థ ఉండవలెనని ఆ దేశం అదే సంవత్సరం చట్టం చేసింది.

మనకు దగ్గరలోనే, 2025 ఫిబ్రవరి 22న, తెలంగాణలోని శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం కప్పు కూలి 8 మంది చిక్కుకొన్నారు. ప్రమాదస్థలం సొరంగ ముఖం నుండి దాదాపు 14 కిలోమీటర్ల లోపల ఉన్నది. భూమిలోనికి రేడియో తరంగాలను పంపే రాడారుతో, శిక్షణ పొందిన జాగిలాలతో వెదకినారు. మార్చి నెలలో ఇరువురి దేహాలు మాత్రమే లభించినవి. బురద, నీరు, లోహపు శకలాలు కలిసిన చోట తరంగాలు త్వరగా క్షీణిస్తాయి. వచ్చిన ప్రతిధ్వనులను చదువుట దుష్కరం. ప్రమాదం తరువాత వెదకుట కన్న, ప్రమాదానికి ముందు క్షణం వరకు ప్రతి కార్మికుని ఉనికి నమోదగుచుండుట మేలన్న సంగతి దీనివలన స్పష్టం. అట్టి నమోదు ప్రాణాలను తప్పక కాపాడునని చెప్పలేము. త్రవ్వవలసిన చోటును మాత్రం కుదించగలదు.

ఈ విషయం మన ప్రాంతానికి దూరమైనది కాదు. మన జిల్లా పశ్చిమ మెట్టభూములకు కృష్ణాజలాలను తేవలసిన వెలిగొండ ప్రాజెక్టుకు గుండెకాయ, కొండను తొలిచిన సుమారు 18.8 కిలోమీటర్ల జంట సొరంగాలే. మన పొలాలకు నీటి కొరకు కొండ లోపలికి దిగిన వారు ఎక్కడ ఉన్నారో తెలిసియుండుట మన బాధ్యత కూడ.

ఒక హెచ్చరిక సైతం అవసరం. మనిషి ఏ గదిలో ఉన్నాడో చెప్పగల సాధనం కాపలాకు, నిఘాకు కూడ పనికివచ్చును. సొరంగంలో కార్మికుని రక్షించే బిళ్ళయే, కార్యాలయంలో అతడు ఎన్నిసార్లు లేచినాడో లెక్కించగలదు. కావున ఎవరి సమ్మతితో, ఎందుకొరకు, ఎంతకాలం ఆ వివరాలు దాచుదురన్న ప్రశ్న సాంకేతిక ప్రశ్న అంత ముఖ్యమైనది.

విద్యార్థులకు నా సూచన ఒక్కటే. మూడు ఫోన్లను హాట్‌స్పాట్లుగా మూడు మూలల ఉంచి, నాలుగవ దానితో తీవ్రతలను కొలిచి, పైన చెప్పిన పట్టికను మన కళాశాల గదిలోనే తయారుచేయవచ్చును. ఒకసారి గది ఖాళీగా ఉన్నప్పుడు, ఒకసారి నిండుగా ఉన్నప్పుడు కొలువుడు. ఈ ప్రయోగానికి కాగితం, పెన్సిలు, ఓపిక చాలును. కళాశాల కమిటీవారు ఒక మధ్యాహ్నం అనుమతించినచో, పాఠ్యపుస్తకంలోని వర్గమూలం తమ గదిలో తమ ఉనికినే కనుగొనుటను మన విద్యార్థులు స్వయంగా చూడగలరు.